బరంపురం అమ్మాయి, ఆర్టిస్టిక్ స్విమ్మింగ్: సాధన గంటలు, తిండి, చదువు ఎలా కుదురుతాయి?

పట్టునగరి (బరంపురం)

అందరికీ నమస్కారం. ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దుల తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న చర్చావేదిక కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి ఒడిస్సీ నేర్చుకుంటోంది, ఈతలో జిల్లా పోటీలకు వెళ్లింది. వేసవి శిబిరంలో చూసిన ఒక శిక్షకురాలు "ఈ పిల్లకు లయ ఉంది, నీళ్లంటే భయం లేదు, ఆర్టిస్టిక్ స్విమ్మింగ్‌లో పెట్టండి" అని చెప్పి వెళ్లారు. పాటకు తగ్గ లయతో నీళ్లలో చేసే నాట్యం లాంటి ఆట అది. అప్పటి నుంచి అమ్మాయి ఫోనులో పారిస్ ఒలింపిక్స్ వీడియోలు తప్ప మరొకటి చూడటం లేదు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. మావారు పదో తరగతి అయ్యాక చూద్దామంటున్నారు. ఎదిగే పిల్ల గంటల తరబడి నీళ్లలో నానితే ఏమవుతుందో అని మా అత్తగారి దిగులు. ఇక అమ్మాయి, వీడియోల్లో సన్నగా ఉన్నవాళ్లను చూసి రాత్రి అన్నం మానేసింది. నన్ను ఇక్కడికి రప్పించింది ఆ సంగతే. పై స్థాయిలో ఆడేవాళ్లు రోజుకు ఎన్ని గంటలు సాధన చేస్తారు? ఏమి తింటారు? చదువు, ఆ తర్వాత బతుకుతెరువు ఏమవుతాయి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గజపతి టీచర్ (పర్లాకిమిడి)

మిగతా ప్రశ్నలన్నీ తర్వాతమ్మా. ముందు ఆ రాత్రి అన్నం సంగతి చూడండి. నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఆటల్లో ఉన్న ఆడపిల్లలు ఇలా మొదలుపెట్టి, పరుగు మధ్యలో కూలబడటం చూశాను. తిట్టకండి, బతిమాలకండి. ఆ ఆట ఆడిన ఆడపిల్ల చేతనే చెప్పించండి. ఇక్కడ ఒకరు ఉన్నారని గుర్తు.

బల్లార్షా జంక్షన్ (చంద్రపూర్ జిల్లా)

మాస్టారు నన్నే పిలిచినట్టున్నారు. అక్కా, నేను మహారాష్ట్ర తరఫున జాతీయ పోటీల్లో డ్యూయెట్ (ఇద్దరు కలిసి చేసేది), టీమ్ రెండూ ఆడాను. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం, సెలవుల్లో పిల్లలకు నేర్పుతాను. తెలిసినంతా రాస్తాను. కొంచెం పెద్దదవుతుంది.

సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ అన్న పేరును 2017లో ఆర్టిస్టిక్ స్విమ్మింగ్‌గా మార్చారు. ఆట అదే. 1984 లాస్ ఏంజెలిస్‌లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఒలింపిక్స్‌లో డ్యూయెట్, ఎనిమిది మంది టీమ్ ఉన్నాయి. 2000 నుంచి టోక్యో దాకా ఆ రెండు స్వర్ణాలూ ప్రతిసారీ రష్యా వాళ్లవే. పారిస్‌లో రెండూ చైనా గెలుచుకుంది. డ్యూయెట్‌లో గెలిచిన వాంగ్ లియూయి, వాంగ్ చియాన్‌యి కవల పిల్లలు. మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు ఇంతవరకు ఎవరూ అర్హత పొందలేదు. ఈ మాట నిరుత్సాహపరచడానికి రాయడం లేదు. మీరు వేయబోయే అడుగు ఎక్కడ పడుతుందో ముందే తెలిసి ఉండాలని రాస్తున్నాను.

గంటల విషయానికొస్తే, ఒలింపిక్ స్థాయి జట్లు వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు నుంచి పది గంటలు సాధన చేస్తాయి. అంతసేపూ నీళ్లలోనే ఉంటారనుకోకండి. పొద్దున ఒళ్లు సాగదీసే వ్యాయామాలు, తర్వాత జిమ్, తర్వాత ల్యాండ్ డ్రిల్. ల్యాండ్ డ్రిల్ అంటే గట్టు మీద నిలబడి, నీళ్లలో కాళ్లు చేయాల్సిన పనిని చేతులతో చేస్తూ, ఎనిమిది లెక్కలకు రొటీన్ (పోటీలో చూపే ప్రదర్శన) మొత్తం నడపడం. చూసేవాళ్లకు పిచ్చిగా ఉంటుంది కానీ జట్టు ఒక్కటయ్యేది అక్కడే. ఆ తర్వాతే కొలను: పొడవుల మీద పొడవులు ఈదడం, ఊపిరి బిగబట్టి చేసే వరుసలు, ఒక్కో భాగాన్ని విడగొట్టి మళ్లీ మళ్లీ చేయడం, చివరికి పాటతో మొత్తం రొటీన్. పాట నీటి అడుగున కూడా వినిపించేలా స్పీకర్లు పెడతారు.

పునాది రెండు విద్యలు. ఒకటి ఎగ్‌బీటర్: నిలువుగా ఉండి రెండు కాళ్లనూ మోకాళ్ల నుంచి ఎదురెదురు దిశల్లో తిప్పడం. ఛాతీ వరకు పైకి తేలి, చేతులు రెండూ గాలిలో ఉంచి, నవ్వుతూ కదలాలంటే ఆధారం అదొక్కటే. రెండోది స్కల్లింగ్: తలకిందులుగా ఉన్నప్పుడు ముంజేతులతో నీటిని అటూ ఇటూ ఒత్తుతూ కాళ్లను పైన నిలబెట్టడం. కొలను అడుగును కాలితో తాకకూడదు. సహచరిని గాలిలోకి విసిరే లిఫ్టు కూడా అడుగు తాకకుండానే చేయాలి. రొటీన్ రెండు నిమిషాల నుంచి మూడున్నర నిమిషాల దాకా ఉంటుంది. అందులో చాలా భాగం తల నీళ్ల కిందే.

2023 నుంచి మార్కుల పద్ధతి మారిపోయింది. ఇప్పుడు ఏ కదలిక ఎంత కష్టమైనదో జట్టు ముందే కాగితం మీద ప్రకటించాలి. ప్రకటించినది ప్రకటించినట్టు చేయలేకపోతే ఆ అంశానికి బేస్ మార్క్ మాత్రమే పడుతుంది, అంటే అడుగు మట్టం. ఒక్క బేస్ మార్క్‌తో పతకం చేజారుతుంది. అందుకే ఇప్పటి సాధనలో మొహం మీది మెరుపు కంటే కాళ్ల కోణం మీద ఎక్కువ సమయం పోతుంది.

మీ అమ్మాయి ఒడిస్సీ వృథా కాదు. చౌకలో (మోకాళ్లు పక్కలకు వంచి నిలిచే ఒడిస్సీ భంగిమలో) నిలబడి నిలబడి తుంటి విప్పారిన పిల్లకు ఎగ్‌బీటర్ త్వరగా పట్టుబడుతుంది. తాళం లెక్క నెత్తురులో ఉంటుంది. డాన్సు మాన్పించకండి.

తిండి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఇక్కడున్నారు. నేను చెప్పేది ఒక్కటే: ఆకలితో కొలనులో దిగిన రోజు నా కాళ్లు ముందుగా పడిపోయేవి. తిన్న రోజు చివరి లిఫ్టు దాకా నిలిచేవి.

కసరత్తు మాస్టారు (బరంపురం)

పట్టునగరి గారూ, మన ఊరి సంగతి మీకు తెలియనిది కాదు. వీధికొక వ్యాయామశాల ఉన్న ఊరు. ఇక్కడి నుంచి వెళ్లిన కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల వెయిట్‌లిఫ్టింగ్‌లో 69 కిలోల విభాగంలో స్వర్ణం ఎత్తాడు. అంతటివాడు మన సందుల్లోంచే లేచాడు. కాబట్టి బరంపురంలో పుట్టినందుకు చిన్నబుచ్చుకోవద్దు.

నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. పధ్నాలుగేళ్లంటే ఇప్పటికే ఆలస్యం. పంపదలచుకుంటే ఇప్పుడే పంపండి, పది పాసయ్యాక అంటే ఒళ్లు బిగుసుకుపోతుంది. చదువు ఎప్పుడైనా చదువుకోవచ్చు. ఇక తిండి: మా ఆటలో బరువు చూసుకోకపోతే విభాగమే మారిపోతుంది. ఈ ఆటలో కూడా పైకి ఎగిరే పిల్ల తేలిగ్గా ఉండాలి కదా. రాత్రి అన్నం తగ్గించినంత మాత్రాన కొంపలేమీ మునగవు.

నాగావళి ఒడ్డు (రాయగడ)

మాస్టారూ, మీ అనుభవం ముందు నేను చిన్నదాన్ని. కానీ ఈ ఒక్క మాటకు గట్టిగా అడ్డుపడతాను. నేను పోషకాహార నిపుణురాలిని, క్రీడల వసతి గృహాల పిల్లలతో పని చేస్తాను. వెయిట్‌లిఫ్టింగ్‌లో పోటీ ముందు కాటా ఎక్కాలి. ఆర్టిస్టిక్ స్విమ్మింగ్‌లో కాటా లేదు. ఎక్కడా ఎవరూ తూచరు. బరువు తగ్గితే కలిసొచ్చే విభాగమే లేని ఆటకు ఆ ఆట పద్ధతి తేవడం తగదు.

ఎదిగే పిల్ల రోజూ ఖర్చుపెట్టే శక్తి కంటే తక్కువ తింటే శరీరం దేన్ని ముందు ఆపేస్తుందో చెబుతాను. మొదట నెలసరి తప్పుతుంది. తర్వాత ఎముకలకు పట్టాల్సిన సున్నం పట్టదు. తర్వాత జలుబులు, నీరసం, మానని కండరాల నొప్పులు, చిరాకు, చదివింది గుర్తుండకపోవడం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరుపెట్టి, క్రీడాకారులందరికీ వర్తించే సమస్యగా గుర్తించింది. కొవ్వు తీసేసిన శరీర బరువులో ప్రతి కిలోకు, సాధనకు ఖర్చయినది పోను, రోజుకు కనీసం 30 కెలోరీలు మిగలాలని, 45 దాకా ఉంటే మంచిదని ఈ రంగంలో వాడే లెక్క. రాత్రి భోజనం మానేసి పొద్దునే కొలనుకు వెళ్లే పిల్ల ఆ 30 కంటే దిగువకు జారడం చాలా తేలిక.

ఈతగత్తెలకు మరో చిక్కు ఉంది. ఎముక గట్టిపడాలంటే నేల మీద దెబ్బ తగలాలి: పరుగు, గెంతు, బరువులు. నీళ్లలో ఆ దెబ్బ ఉండదు. అందుకే వీళ్లకు నేల మీది కసరత్తు తప్పనిసరి, కాల్షియం ఇంకా తప్పనిసరి. ఒడిస్సీలో పాదం నేలకేసి కొట్టడం ఇక్కడ మందులా పనికొస్తుంది.

అమ్మా, ఇప్పుడు మీ వంటింటికి వస్తాను. విదేశీ పొడులేవీ అక్కర్లేదు. మన కొండ ప్రాంతపు చోళ్లు (రాగులు) వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లవారి కొలనుకు ముందు, పాలూ బెల్లమూ వేసిన పలుచటి చోడి జావ ఒక గ్లాసు, ఒక అరటిపండు చాలు. ఆ వేళ పప్పు, వేపుళ్లు పెట్టకండి. తలకిందులయ్యే ఆట కాబట్టి కడుపులోది గొంతులోకి తన్నుకొస్తుంది. కొలను నుంచి రాగానే, ఆకలి వేసినా వేయకపోయినా, ఇడ్లీనో ఉప్మానో రెండు గుడ్లతో. బడి డబ్బాలో అన్నం, చిక్కగా వండిన దాల్మా (కూరగాయలు కలిపిన పప్పు), వీలైతే మరో గుడ్డు. సాయంత్రం సాధనకు ముందు అటుకులు, పెరుగు, అరటిపండు కలిపి, లేదా మరమరాల్లో వేరుశనగలు కలిపి. రాత్రి అన్నం గానీ రొట్టె గానీ తప్పకుండా, చేపల కూర, ఆకుకూర. పడుకునే ముందు పాలు.

లెక్క కావాలంటే: రోజుకు రెండు మూడు గంటలు సాధన చేసే పిల్లకు కిలో బరువుకు 6 నుంచి 8 గ్రాముల పిండిపదార్థం కావాలి. యాభై కిలోల పిల్లయితే 300 నుంచి 400 గ్రాములు. ఇది రెండు ముద్దల అన్నంతో తీరేది కాదు, రోజు మొత్తం మీద దాదాపు అరకిలో ధాన్యం లెక్కకు వస్తుంది. మాంసకృత్తులు కిలోకు గ్రామున్నర దరిదాపుల్లో. రోజుకు ఎనిమిది గంటలు సాధన చేసే ఒలింపిక్ క్రీడాకారిణి తిండి దీనికి మించి ఉంటుంది, మూడు వేల కెలోరీలు దాటడం విశేషం కాదు. వీడియోలో సన్నగా కనిపించే ఆ పిల్లలు మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ తింటారని అమ్మాయికి చెప్పండి.

చివరగా రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఊపిరి బిగబట్టే ఆటలో ఇనుము తక్కువైన పిల్లను దించడం ప్రమాదం. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. హిమోగ్లోబిన్ బాగున్నట్టు కనిపిస్తూనే నిల్వలు ఖాళీ అయి ఉండవచ్చు. ఆకుకూర మీద నిమ్మరసం పిండండి, భోజనమైన వెంటనే టీ ఇవ్వకండి.

బల్లార్షా జంక్షన్

నాగావళి అక్క రాసిన దానికి ఒక మాట కలుపుతాను. మాస్టారు అన్నట్టు పైకి ఎగిరే పిల్ల తేలిగ్గా ఉంటే సుళువే, నిజం. కానీ ఎనిమిది మందిలో ఎగిరేది ఒకరో ఇద్దరో. కింద మోసేవాళ్లకు బలం కావాలి. పైగా మరీ ఎండిన శరీరం నీళ్లలో మునుగుతుంది. కొంచెం కొవ్వు ఉన్న కాలు తనంతట తానే తేలుతుంది. కండ మాత్రమే ఉన్న కాలిని నిలబెట్టడానికి చేతులు రెట్టింపు పని చేయాలి.

బరువు గురించి నోటికొచ్చినట్టు మాట్లాడే శిక్షకులు ప్రపంచమంతా ఉన్నారు. కెనడాలో 2021లో ఐదుగురు మాజీ క్రీడాకారిణులు తమ క్రీడా సంఘం మీద కోర్టుకు వెళ్లారు. శిబిరంలో మాటలతో వేధించారని, శరీరాల గురించి అవమానించారని వాళ్ల ఆరోపణ. కాబట్టి అక్కా, ఏ శిక్షణ కేంద్రానికి వెళ్లినా మొదటి రోజే గమనించండి. అందరి ముందూ పిల్లల్ని కాటా ఎక్కించే చోటైతే మర్యాదగా లేచి వచ్చేయండి.

కసరత్తు మాస్టారు

కాటా లేని ఆట అన్న మాట నాకు బాగా తగిలింది. తిండి విషయంలో నాగావళి గారి మాటే నిలవాలి, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదువు విషయంలో మాత్రం తీసుకోను. పదేళ్లు ఒకే పనికి అంకితమైతేనే పై మెట్టు అందుతుంది. సగం మనసుతో చేసిన ఆట, సగం మనసుతో చదివిన చదువు, రెండూ చేతికి రావు.

గజపతి టీచర్

మాస్టారూ, మీ ఆటలో గెలిచినవాడికి రైల్వేలోనో పోలీసులోనో కొలువు దొరికే దారి చాలాకాలంగా ఉంది. ఈ ఆటకు అలాంటి దారి ఎంత ఇరుకో బల్లార్షా అమ్మాయిని అడగండి. మీరు చెప్పిన 2010 ఢిల్లీ క్రీడల్లోనే సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ కూడా ఉంది, మన పిల్లలు అందులో ఆడారు. ఆ తర్వాత కామన్వెల్త్ క్రీడల్లో ఆ ఆట మళ్లీ రాలేదు. ఒక నిర్వాహక సంఘం జాబితాలోంచి కొట్టేస్తే పిల్ల పదేళ్ల శ్రమకు వేదికే ఉండదు. అలాంటి ఆటకు చదువును పణంగా పెట్టమని నేను ఏ తల్లికీ చెప్పలేను.

చదువు, ఆట కలిసి నడిచే దారులు ఉన్నాయి. సి.బి.ఎస్.ఇ. బడి అయితే, జాతీయ, అంతర్జాతీయ పోటీల తేదీలు బోర్డు పరీక్షలతో ఢీకొన్నప్పుడు క్రీడాకారులకు వేరే తేదీల్లో పరీక్ష రాసే వెసులుబాటు ఉంది. బడి ద్వారా ముందుగా దరఖాస్తు చేయాలి, చివరి నిమిషంలో కుదరదు. అసలు బడికే వెళ్లలేని పరిస్థితి వస్తే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పది, పన్నెండు రాయవచ్చు, సబ్జెక్టులు ఒక్కొక్కటిగా పూర్తి చేయవచ్చు. కానీ అది రెండో దారి. స్నేహితులు, తరగతి, టీచర్ల కంటి చూపు, ఇవి కూడా పిల్లను నిలబెట్టేవే. ఓడిన రోజు ఆమెను ఆటగత్తెగా కాక మామూలు పిల్లగా చూసే చోటు ఒకటి ఉండాలి.

బల్లార్షా జంక్షన్

టీచర్ గారు చెప్పినదే నా బతుకు. నేను డిగ్రీ మానలేదు. పొద్దున కొలను, మధ్యాహ్నం కాలేజీ, సాయంత్రం మళ్లీ కొలను. పరీక్షల నెలలో సాధన తగ్గించమని అడిగితే మా శిక్షకురాలు ఒప్పుకునేవారు. తగ్గించిన ఆ కొద్ది గంటల్లో శ్రద్ధ పెరిగేది. ఆట ఆపాక నా చేతిలో మిగిలినది ఆ డిగ్రీయే. దానితోనే ఈ ఉద్యోగం.

పై స్థాయి వాళ్లూ ఇలాగే చేస్తున్నారు. కెనడా క్రీడాకారిణి జాక్లిన్ సిమోనో టోక్యో ఒలింపిక్స్ తర్వాత ఆట మానేసి, పాదాల వైద్యం చదువుకుంది. మళ్లీ కొలనులో దిగి 2024 దోహా ప్రపంచ పోటీల్లో సోలో స్వర్ణం గెలిచి, అదే ఏడాది పారిస్‌కూ వెళ్లింది. విరామం తీసుకుంటే ఒళ్లు బిగుసుకుపోతుందన్న భయానికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. రష్యాకు చెందిన స్వెత్లానా రొమాషినా ఏడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. మధ్యలో తల్లయింది. చివరి రెండు స్వర్ణాలు ముప్పై దాటాక టోక్యోలో వచ్చినవే. బ్రిటన్ డ్యూయెట్ జంట కేట్ షార్ట్‌మన్, ఇజ్జీ థోర్ప్‌ల వెనుక కుటుంబాలే ఉన్నాయి. ఇజ్జీ తల్లే వాళ్లకు శిక్షకురాలు. పారిస్‌లో వాళ్లు తెచ్చిన రజతం ఈ ఆటలో బ్రిటన్‌కు మొదటి ఒలింపిక్ పతకం.

కాబట్టి మాస్టారూ, పధ్నాలుగేళ్లకు తలుపు మూసుకుపోదు. నెమ్మదిగా మొదలుపెట్టి ఎక్కువకాలం నిలిచినవాళ్లే ఈ ఆటలో పైకి వచ్చారు.

సిరొంచ నాన్న (గడ్చిరోలి జిల్లా)

చదువుతూ ఉన్నాను, ఒక సందేహం అడగాలనిపించింది. మాది ప్రాణహిత ఒడ్డు. మా అబ్బాయి పదమూడేళ్లవాడు, నదిలో చేపలా ఈదుతాడు. స్నేహితులతో కలిసి ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో అని పందెం వేసుకుంటారు. వాడే అందరికంటే ఎక్కువసేపు ఉంటాడట. ఊపిరి అంత బలంగా ఉన్నవాడికి ఈ ఆట పనికొస్తుందా? అసలు మగపిల్లల్ని ఆడనిస్తారా?

బల్లార్షా జంక్షన్

అన్నయ్యా, మీ రెండో ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు ఆ పందెం ఈ రోజే ఆపించండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

మనకు ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టించేది ప్రధానంగా ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ తగ్గడం అంత గట్టిగా హెచ్చరించదు. పిల్లలు మునిగే ముందు గబగబా నాలుగైదుసార్లు గాఢంగా ఊపిరి తీసి వదులుతారు కదా, దానితో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది కానీ ఆక్సిజన్ చెప్పుకోదగ్గంత పెరగదు. అప్పుడు తపన పుట్టేలోపే మెదడుకు ఆక్సిజన్ చాలక స్పృహ తప్పుతుంది. కేక ఉండదు, చేతులు కొట్టుకోవడం ఉండదు. బాగా ఈదగలిగినవాళ్లే ఎక్కువగా దీనికి బలవుతారు. పక్కనున్న స్నేహితులు వాడు ఇంకా గెలుస్తున్నాడనే అనుకుంటారు. నదిలో అయితే మసక నీళ్లలో వెతకడానికి కూడా దారి ఉండదు.

ఇది ప్రపంచ స్థాయిలోనూ జరిగింది. 2022 జూన్‌లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో అమెరికా క్రీడాకారిణి అనితా అల్వారెజ్ సోలో ముగించి స్పృహ తప్పి అడుగుకు జారిపోయింది. ఆమె శిక్షకురాలు ఆండ్రియా ఫ్యూయెంటెస్, తానూ ఒలింపిక్ పతక విజేత, కట్టుబట్టలతోనే దూకి పైకి తెచ్చింది. ఆ కళ్లు పిల్ల మీద లేకపోతే ఏమయ్యేదో ఊహించండి. అల్వారెజ్ కోలుకుని, పారిస్‌లో జట్టుతో రజతం గెలిచింది.

అందుకే శిక్షణలో ఊపిరి బిగబట్టే ప్రతి వరుసకూ గట్టు మీద ఒకరు చూస్తూ ఉంటారు. ఒంటరిగా చేయకూడదు, మునిగే ముందు గబగబా ఊపిరి తీయకూడదు, తిని ఉండాలి, నిద్ర సరిపడా పోయి ఉండాలి. నేను నేర్పే పిల్లలకు తిండి మానిన రోజు ఈ వరుసలు చేయించను. ముందు తినమంటాను.

సిరొంచ నాన్న

మీ మాట చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా ఊరి పిల్లలందరి తల్లిదండ్రులకూ మీ సందేశం చదివి వినిపించాను. మరాఠీలోకి మార్చి బడి గోడకు అంటించమని హెడ్‌మాస్టర్ గారిని కూడా అడిగాను.

పట్టునగరి

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నాగావళి గారు, బల్లార్షా చెల్లెమ్మ రాసినవి అమ్మాయి చేతికే ఇచ్చి చదవమన్నాను. నేనేమీ అనలేదు. అనితా అల్వారెజ్ వీడియో తనే వెతికి చూసింది. రాత్రి వచ్చి కంచం పెట్టుకుంది. మా అత్తగారికి చోడి జావ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఆ బాధ్యత తనదేనని ప్రకటించారు. రక్తపరీక్ష చేయించాం. ఫెరిటిన్ తక్కువగానే ఉంది, డాక్టరుగారు మాత్రలు రాశారు. ఆ పరీక్ష పేరు మీరు చెప్పకపోతే మేం అడిగి ఉండేవాళ్లం కాదు.

ఇంట్లో అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. పదో తరగతి అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. పొద్దున ఈత, సాయంత్రం ఒడిస్సీ. సెలవుల్లో భువనేశ్వర్ తీసుకెళ్లి, కళింగ స్టేడియంలో పిల్లలు ఎలా సాధన చేస్తారో కళ్లారా చూపిస్తాం. పదకొండో తరగతి ఎక్కడ అన్నది అప్పటి తన పట్టుదలను బట్టి. మావారు కూడా దీనికి ఒప్పుకున్నారు.

ఒక్క ఇబ్బంది. మేము వెళ్లే కొలను లోతు తక్కువ, పెద్దవాళ్లకు భుజాల దాకా వస్తుంది. ఇందులో ఈ ఆట నేర్చుకోవడం కుదురుతుందా?

కసరత్తు మాస్టారు

అమ్మాయిని మా వ్యాయామశాలకు పంపండమ్మా. పొద్దున వేళ ఆడపిల్లలకు వేరే సమయం ఉంది. బరువులు ఎత్తించే ముందు ఉత్త కర్రతో కూర్చుని లేవడం నేర్పుతాను. నడుము, తుంటి, భుజం గట్టిపడాలి. ఎముకల గురించి నాగావళి గారు చెప్పింది నేను మరచిపోను. డబ్బులు అక్కర్లేదు.

నాగావళి ఒడ్డు

మాస్టారూ, మీలాంటివారు ఊరికొకరు ఉంటే నా పని సగం తగ్గేది. పట్టునగరి గారూ, ఇనుము మాత్రలు పాలతోనూ టీతోనూ వేయకండి, రెంటికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. డాక్టరుగారు చెప్పినప్పుడు ఫెరిటిన్ పరీక్ష మళ్లీ చేయించండి. నెలసరి తేదీలు అమ్మాయినే ఒక పుస్తకంలో రాసుకోమనండి. వరుసగా మూడు నెలలు తప్పితే, ఎంత పెద్ద పోటీ దగ్గరలో ఉన్నా ఆగి వైద్యురాలిని కలవాలి. వేసవిలో కొలను నుంచి వచ్చాక పఖాళ (చద్దన్నం) నీళ్లు ఉప్పు వేసి ఇవ్వండి. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, మనకు కనిపించదు అంతే.

బల్లార్షా జంక్షన్

సిరొంచ అన్నయ్యకు బాకీ ఉన్న జవాబు ముందు. మగపిల్లలు ఆడవచ్చు. 2015 కజాన్ ప్రపంచ పోటీల్లో మొదటిసారి మిక్స్‌డ్ డ్యూయెట్ (ఒక ఆడ, ఒక మగ జంట) పెట్టారు. అమెరికాకు చెందిన బిల్ మే అందులో క్రిస్టినా జోన్స్‌తో కలిసి స్వర్ణం గెలిచాడు. పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్కో జట్టులో ఇద్దరు మగవాళ్లకు చోటు ఇచ్చారు. ఆ అవకాశాన్ని ఏ జట్టూ వాడుకోలేదు, నలభై దాటినా ఆశ వదలని బిల్ మేకూ చోటు దక్కలేదు. నాకు ఆ రోజు నిజంగా బాధ వేసింది. మీ అబ్బాయికి ముందు కొలను ఈత సరిగ్గా నేర్పించండి, నాలుగు రకాల స్ట్రోకులూ రావాలి. ఆ తర్వాత తనకు ఇష్టమైతే నాకు రాయండి.

అక్కా, మీ కొలను గురించి. పెద్ద పోటీలకు మూడు మీటర్ల లోతు కావాలి. తలకిందుల విద్యలు, లిఫ్టులు మీ కొలనులో అసలు చేయకూడదు, తల అడుగుకు కొట్టుకుంటుంది. వెల్లకిలా తేలుతూ తొడల పక్కన స్కల్లింగ్ మాత్రం భుజాల లోతులోనే బాగా వస్తుంది. తల వైపుకు, కాళ్ల వైపుకు, రెండు దిశల్లోనూ కదలడం రావాలి. ఎగ్‌బీటర్‌ను ముందు ఇంట్లో బల్ల అంచున కూర్చుని తిప్పించండి, ఒక్కో కాలు విడిగా, తర్వాత రెండూ కలిపి. కొలనులో గట్టు పట్టుకుని, తర్వాత చేతులు నీటిపైకి తీసి. మోకాళ్లు నొప్పి పెడితే ఆపేయాలి, ఓర్చుకోకూడదు. ఒక కాలు వెల్లకిలా పైకి లేపి నిలపడం లాంటి తేలికైన భంగిమలు కూడా ఈ లోతులో నేర్చుకోవచ్చు. భువనేశ్వర్ వెళ్లేసరికి ఇవి చేతిలో ఉంటే శిక్షకులు చూసే చూపే వేరుగా ఉంటుంది.

నోస్ క్లిప్ లేకుండా వెల్లకిలా పనులు చేయించకండి, నీళ్లు ముక్కులోకి పోయి తలనొప్పి వస్తుంది. కొనేటప్పుడు రెండు కొనండి. పోటీల్లో కూడా ఒకటి పెట్టుకుని, రెండోది సూటు లోపల దోపుకుంటాం. కాలో చెయ్యో తగిలి మొదటిది ఊడిపోతే రొటీన్ ఆగకుండా రెండోది తీసి పెట్టుకోవడానికి. మార్చడం ఎలాగో అమ్మాయికి ఇప్పటి నుంచే అలవాటు చేయించండి, కళ్లు మూసుకుని కూడా రావాలి.